సాతుకా ఇంటిముందు బోర్డు

మా సరాపాతాలో సాతుకాతో వాదనకు దిగినవాళ్ళు రెండు రకాలు. ఓడిపోయి మూతి ముడుచుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు కొందరు. ఓడిపోయి, అక్కడే బల్ల మీద కూర్చుని ఇంకో గ్లాసు పోయించుకున్నవాళ్ళు తక్కిన ఊరంతా.

పూర్తి పేరు సాతుర్నినా ఉస్కామైతా. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. పొట్టి మనిషి. రెండు జడలు వేసుకుని, వాటి కొసలు వీపు మీద కలిపి ముడేసుకుంటుంది. ఆండీస్ కొండల్లోని కుస్కో నగరం నుంచి బస్సులో రెండు గంటలు కొండ దిగివస్తే నది ఒడ్డున మా ఊరు. నది వైపు వీధిలో చివరి మట్టిగోడల ఇల్లు ఆమెది. ముందు గది మొక్కజొన్న కల్లు కొట్టు. గుమ్మం మీద పొడుగాటి కర్రకు ఎర్ర గుడ్డ కట్టి ఉందంటే ఆ పూట కల్లు పొంగి సిద్ధంగా ఉందన్నమాట. గుడ్డ లేదంటే ఎంత పెద్దమనిషైనా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరగాల్సిందే.

ఆమె భర్త లారీ తోలేవాడు. ఓ వానాకాలం కొండచరియ విరిగిపడి, లారీతో సహా పోయాడు. అప్పటికి కడుపున పుట్టినవాళ్ళు ఇద్దరు, తమ్ముడు వదిలేసి వెళ్ళిన కూతురు యేని ఒకతె. ముగ్గురినీ ఆ కల్లు కుండలే పెంచాయి. మొక్కజొన్న నానబెట్టడం, మొలకెత్తించడం, ఎండలో ఆరబోయడం, రాతి మీద నూరడం, పెద్ద కుండల్లో కాచి గడ్డి పరిచిన బుట్టలో వడగట్టడం, పాత మడ్డి కలిపి పొంగించడం. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. వాళ్ళమ్మ చేసిందీ ఇదే.

సాతుకా పొగరుకు మూలం మాత్రం బడిలో ఉంది. ఆమెకు ఏడేళ్ళున్నప్పుడు పట్నం నుంచి కొత్త టీచరమ్మ వచ్చింది. ఒక్కొక్కరినీ లేపి మీ అమ్మ ఏం చేస్తుందని అడిగింది. సాతుకా లేచి, "మా అమ్మ అఖా అమ్ముతుంది," అంది. మొక్కజొన్న కల్లుకు మా రునాసిమిలో మాట అది. రునాసిమి అంటే మనుషుల మాట అని అర్థం, మా భాష పేరే అది. స్పెయిన్ భాషే నేర్పాలనే టీచరమ్మకు ఆ భాష వినబడితే ఒళ్ళు మండేది. గుప్పెడు మొక్కజొన్న గింజలు నేల మీద పోసి, పిల్లను వాటి మీద మోకాళ్ళేసి కూర్చోబెట్టింది. "చీచా అనాలి. మనిషిలా మాట్లాడు. చీచా," అంది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా సాతుకా అక్కడే ఉంది. గింజలు చర్మంలో దిగబడిపోయాయి.

ఇంటికొచ్చి ఏడిస్తే, తల్లి ఆ గింజలు ఒక్కొక్కటే ఊడబెరుకుతూ నవ్వింది. "ఆ టీచరమ్మ పిచ్చిది కాకపోతే ఏంటే? చీచా కూడా మనదే. ఇంట్లో అఖా అంటాం, బజార్లో చీచా అంటాం. మన మాటకి కొట్టి, మళ్ళీ మన మాటే నేర్పింది చూడు," అంది.

ఆ మాట సాతుకా మనసులో మేకులా దిగింది. యాభై నాలుగేళ్ళలో ఆ కథ చెప్పని రోజు లేదు. కొట్టుకు వచ్చిన కొత్తవాళ్ళ ముందు తొడ చరిచి మరీ చెప్పేది. "కొట్టిన దానికే తెలీదు ఎవరి మాట నేర్పుతోందో!" అనేసరికి కొట్టంతా పగలబడేది. ఆ ఒక్క నవ్వుతో ఆమె టీచరమ్మను యాభై నాలుగేళ్ళుగా ఓడిస్తూనే ఉంది.

దాన్నుంచే ఆమె కొట్టులో ఒక కట్టడి పుట్టింది. రునాసిమిని ఎవరైనా భాష కాదు, కొండ యాస అన్నారో, వాళ్ళు ఆ పూట భోజనం శుద్ధమైన స్పెయిన్ మాటల్లోనే అడగాలి. మా మాట ఒక్కటి దొర్లినా గిన్నె లోపలికి పోతుంది.

రాజధాని లిమా నుంచి రోడ్డు పనికి వచ్చిన ఇంజనీరు కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. వచ్చీ రాగానే బల్ల ముందు కూర్చుని, "ఏమ్మా, ఈ కొండ యాస ఆపి మంచి భాషలో మాట్లాడకూడదూ?" అన్నాడు. అందరూ గ్లాసులు కింద పెట్టేశారు, తమాషా చూడ్డానికి.

"అలాగే సార్. మంచి భాషలోనే మాట్లాడుకుందాం. తమరూ అందులోనే అడగాలి మరి. ఏం పెట్టమంటారు?"

"ఏముంది, ఉడకబెట్టిన పాపా నాలుగు..."

"పాపా మాది. బంగాళాదుంపకి మా తాతలు పెట్టిన పేరు. ఇంకోటి చెప్పండి."

"సరే, పచ్చి కంకి. చోక్లో."

"అదీ మాదే."

"పాల్తా?"

"ఆ వెన్నపండూ మాదే, పేరూ మాదే."

"గుమ్మడికాయ కూరైనా..." అని దాని పేరు సగం పలికి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "పోనీ, అన్నం పెట్టు తల్లీ!"

మూలనుంచి లియోన్సియో గొంతు సవరించుకున్నాడు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, సాతుకాకు పక్కింటివాడు, పుస్తకాల పురుగు. "బియ్యం మాట అరబ్బుల దగ్గర తెచ్చుకున్నారు సార్ మీవాళ్ళు. పంచదారా అంతే. నూనె కూడానూ," అన్నాడు.

చివరికి ఇంజనీరుకు దక్కింది రొట్టె, చీజు ముక్క, పచ్చి ఉల్లిపాయ, ఉప్పు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ ఉల్లిపాయ నమిలాడు. అది అయ్యాక సాతుకా తనే పెద్ద గ్లాసు నిండా కల్లు ముంచి ఇచ్చింది. "ఇది పేరు అడక్కుండా పోసేది. తాగండి," అంది. రోడ్డు పని అయిపోయాక కూడా ఆ ఇంజనీరు వారం రోజులు ఊరు కదల్లేదు.

ఇలాంటి మనిషితో పెట్టుకున్నాడు ఎఫ్రాయిన్ ఒలార్తె. పురపాలక ఆఫీసులో పర్యాటకుల వ్యవహారాలు చూసే కొత్త అధికారి. మెరిసే బూట్లు, చంకలో ఎప్పుడూ ఒక ఫైలు. వచ్చిన మూడో నెలలో కల్లు కొట్లవాళ్ళందరినీ సమావేశానికి పిలిచాడు. గుమ్మాల మీద కర్రలూ గుడ్డలూ తీసెయ్యాలి, ఒకే కొలత చెక్క బోర్డులు పెట్టాలి, కాదన్నవాళ్ళకు అనుమతి రద్దు, అన్నాడు. బోర్డు మీద ఏం రాయాలో నమూనా కూడా తనే తెచ్చాడు: ఆండీస్ సంప్రదాయ పానీయం.

"ఎర్ర గుడ్డ చూస్తే పరాయి దేశంవాడికి ఏం తెలుస్తుందమ్మా? ఎవరో లంగా ఆరేసుకున్నారనుకుంటాడు," అన్నాడు నవ్వుతూ.

"దాహం వేసినవాడికి తెలుస్తుంది సార్. వెయ్యనివాడితో నాకేం పని?" అంది సాతుకా.

"బోర్డు తప్పదు."

"పెడతాను. కానీ మీ పానీయం గీనీయం నా గుమ్మం ఎక్కవు. నా భాష మాటలే రాస్తాను. చీచా, చోక్లో, ఆహీ. కల్లు, కంకి, మిరపకాయ. అంతే."

ఎఫ్రాయిన్ పెదవి విరిచాడు. "నీ భాషా? అందులో మీవెన్నో, మేం ఇచ్చినవెన్నో ఎవరు చెప్పొచ్చారు?"

అక్కడే సాతుకాకు ఒళ్ళు తెలియలేదు. లేచి నిలబడి, "నా బోర్డు మీద ఒక్క మాట నా తాతలది కాదని తేలితే నా కొట్టుకి నేనే తాళం వేస్తాను. రాసుకోండి!" అంది. ఎఫ్రాయిన్ నిజంగానే రాయించాడు. మినిట్స్ పుస్తకంలో ఎక్కించి ఆమె చేత వేలిముద్ర కాదు, సంతకమే పెట్టించాడు. ఆమె కూడా పెద్ద అక్షరాలతో సంతకం చేసి వచ్చింది.

వడ్రంగి బోర్డు చేశాడు. లియోన్సియో ఎర్ర రంగుతో మూడు మాటలూ రాశాడు. ఆదివారం సంతనాడు చౌకులో మేయరు చేతుల మీదుగా అందరి బోర్డులూ ఇవ్వాలని ఏర్పాటు.

శుక్రవారం మధ్యాహ్నం యేని బస్సు దిగింది. ఆ తమ్ముడి కూతురే. కుస్కోలో భాషల చదువు చదువుతోంది, మూడో సంవత్సరం. సాతుకా పెరట్లో మొలకల మొక్కజొన్న ఎండకు ఆరబోస్తోంది. యేని కూడా కూర్చుని రెండు చేతులతో నెరపడం మొదలుపెట్టింది. గోడకు ఆనించిన బోర్డు వైపు ఓసారి చూసింది, మళ్ళీ చూసింది.

"అత్తా, ఇది ఆదివారం ఎక్కుతుందా?"

"ఎక్కుతుంది. ఆ బూట్లవాడి నెత్తికెక్కినట్టు ఎక్కుతుంది."

"అత్తా... చోక్లో ఒక్కటే మనది."

సాతుకా నవ్వింది. "ఎండ దెబ్బ తగిలిందా నీకు?"

"ఆహీ దీవుల మాట. సముద్రంలో దీవులున్నాయి చూడు, స్పెయిన్ వాళ్ళు మొట్టమొదట దిగింది అక్కడ. అక్కడ తైనోలని ఉండేవాళ్ళు. మిరపకాయకి వాళ్ళ మాట అది. మనం ఇంట్లో ఉచు అంటాంగా?"

అది నిజమే. వాళ్ళమ్మ ఎప్పుడూ ఉచు అనే అనేది. సాతుకా చెయ్యి నెమ్మదించింది. "మరి చీచా?"

యేని గింజలు నెరపడం ఆపింది. ఆ కథ వింటూ పెరిగిన పిల్ల. తొడ చరుపు ఎక్కడ వస్తుందో, నవ్వు ఎక్కడ వస్తుందో దానికి తెలుసు.

"చీచా కూడా దారిలోదే అత్తా. పనామా తీరం వాళ్ళదని కొందరంటారు, దీవులదేనని కొందరు. పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. మనది కాదన్న దాంట్లో మాత్రం గొడవ లేదు. స్పెయిన్ వాళ్ళు అక్కడ నేర్చుకుని ఇక్కడికి మోసుకొచ్చారు. ఎక్కడ కల్లు కనబడితే అక్కడ అదే పేరు పెట్టుకుంటూ పోయారు. మనవాళ్ళూ అలవాటు పడిపోయారు."

సాతుకా గింజల మీదికి వంగింది. ఎండలో ఆమె మొహం నల్లబడింది. మొదట సిగ్గు వేసింది, ఎన్ని వందలమంది ముందు తొడ చరిచిందో గుర్తొచ్చి. ఆ వెనకే కోపం వచ్చింది.

"అంటే ఆ టీచరమ్మ నా మాట లాక్కుని, తన మాటైనా ఇవ్వలేదా? దొంగసొత్తు నా చేతిలో పెట్టి పంపిందా? యాభై నాలుగేళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగానా నేను?"

"ఊరుకో అత్తా. ఎవరికీ తెలీదు. ఎఫ్రాయిన్‌కి అసలే తెలీదు. నేను చెప్పను."

"ఆ మాట తాలూకు వాళ్ళు ఏమయ్యారు?"

యేని తనకు తెలిసింది చెప్పింది. బంగారం తవ్వించారు. గనుల్లో చచ్చినవాళ్ళు చావగా మశూచి తక్కినవాళ్ళను తీసుకుపోయింది. యాభై ఏళ్ళు తిరిగేసరికి దీవుల్లో జనం చాలావరకు లేరు. తీరంలో కొన్ని భాషలైతే, పలికే నోరు ఒక్కటీ మిగలకుండా పోయాయి. సాతుకా వింటూ గింజలు నెరుపుతూనే ఉంది. ఒకచోటే పదిసార్లు నెరిపింది.

సాయంత్రం లియోన్సియో విని తల పట్టుకున్నాడు. "నోరు మూసుకుని బోర్డు ఎక్కించు వదినా. సంతకం పెట్టి చచ్చావు. కొట్టు పోతే ఏం తింటావు? ఆ మాటలు ఎక్కడివో ఊళ్ళో ఎవడికి కావాలి?"

"నాక్కావాలి."

"నీ పంతానికి కుండలు బలి పెడతావా?"

"ఆ ఇంజనీరుని ఏడిపించి ఉల్లిపాయ తినిపించినదాన్ని. పరాయివాళ్ళ సొమ్ము నా తాతలదని గుమ్మానికి కట్టుకుంటే నేనేం మనిషిని లియోన్సియో? ఆ టీచరమ్మకీ నాకూ తేడా ఏంటి?"

లియోన్సియో చేతులెత్తేశాడు. పుస్తకాల మనిషి కదా, ఓడినప్పుడు ఓడానని ఒప్పుకుంటాడు. సాతుకాకు మాత్రం భయం వేసింది. కొట్టు లేని సాతుకా ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోలేకపోయింది. అయినా శనివారమంతా రోజూలాగే కల్లు కాచింది, వడగట్టింది, మడ్డి కలిపింది. సోమవారానికి పొంగాల్సిన కుండలు మరి, ఆగవు.

ఆదివారం చౌకులో బాజాలు మోగాయి. పొద్దున్నే ఇళ్ళ నుంచి తెప్పించి పెట్టిన బోర్డులను మేయరు ఒక్కొక్కరికీ అందిస్తున్నాడు. ఎఫ్రాయిన్ పేర్లు పిలుస్తున్నాడు. సాతుకా పేరు రాగానే ఆమె మెట్లెక్కింది. బోర్డు తీసుకోలేదు, మైకు తీసుకుంది.

"ఇందులో మూడు మాటలున్నాయి. ఒకటే నాది. ఆహీ దీవులవాళ్ళది. చీచా కూడా అటువైపు వాళ్ళదే. నాకు శుక్రవారం తెలిసింది. తెలిసినవాళ్ళు చెప్పారు. మా అమ్మకి తెలీదు, నాకు తెలీదు, నన్ను కొట్టిన ఆవిడకీ తెలీదు. మాట ప్రకారం ఇవాళ కొట్టు మూసేస్తున్నాను."

కూరగాయల దగ్గర ఎవరో ఆడమనిషి, "మూయకే తల్లీ!" అని అరిచింది. ఎఫ్రాయిన్ మొహం మాత్రం వెలిగిపోయింది. ఇంత సులువుగా చేతికి చిక్కుతుందని అతను అనుకుని ఉండడు. ఫైలు తెరిచి, "మినిట్స్‌లో ఉందమ్మా, చదవమంటావా?" అన్నాడు.

"చదవక్కర్లేదు. అన్నది నేను. నాకు గుర్తుంది," అని మైకు అతని చేతిలో పెట్టి మెట్లు దిగింది.

ఇంటికి వెళ్ళి ముందుగది తలుపు దగ్గరికి వేసింది. తాళం తుప్పు పట్టి ఉంది, ముప్ఫై ఏళ్ళలో దాంతో పని పడలేదు. యేని వంటనూనె చుక్క వేస్తే గానీ తిరగలేదు. తాళం పడ్డ చప్పుడుకు సాతుకా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యేని ముందు దాచుకోలేదు, ఏడ్చింది. "నీవల్లేనే," అంది, వెంటనే "నీవల్లే తెలిసింది," అని సర్దుకుంది.

సోమవారం పొద్దున కుండలు మూతుల కింద బుసబుసమంటున్నాయి. సాతుకా వాటి ముందు నిలబడి చెవి పెట్టి వింది. పక్కింటికి వెళ్ళి లియోన్సియో తోపుడుబండి అడిగింది.

"ఎక్కడికి వదినా?"

"తోయి, చెప్తా."

చౌకులో పురపాలక ఆఫీసు ముందు రాతి స్తంభాల నీడన బండి ఆపించింది. పీట వేసుకుని కూర్చుంది. మొదటి గ్లాసులో కొంచెం కల్లు నేల తల్లికని కింద ఒంపింది, మా దగ్గర అందరం చేసేదే. తర్వాత మళ్ళీ కొంచెం ఒంపింది.

"రెండోసారి ఎవరికి?" అన్నాడు లియోన్సియో.

"పేరు మనకొదిలేసి పోయినవాళ్ళకి. వాళ్ళనీ కొట్టే లొంగదీసుకున్నారు కదా, మనల్నీ కొట్టే లొంగదీసుకున్నారు. ఆ మాటని నా కుండలోంచి గెంటేస్తానని ఎవరన్నారు? ఉండనీ, చుట్టంలా. నాదని మాత్రం చెప్పుకోను."

జనం చేరారు. "ఓ అఖా" అని కొందరు, "చీచా ఒకటి" అని కొందరు. అందరికీ ముంచి ఇచ్చింది. పది గంటలకు ఎఫ్రాయిన్ బూట్లు టకటకలాడించుకుంటూ ఆఫీసుకు వచ్చి, గుంపు చూసి దారి చేసుకుని ముందుకొచ్చాడు.

"కొట్టు మూస్తానని అందరిముందూ అన్నావు!"

"మూశాను. తాళం చూసి రా."

"మరిదేంటి?"

"ఇది నేను సార్. నన్ను మూసుకుంటానని ఎప్పుడన్నాను?"

జనం గొల్లుమన్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. లోపలికి వెళ్ళి, వీధిలో అమ్ముకునేవాళ్ళ రిజిస్టరు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. "వీధిలో అమ్మాలన్నా నమోదు చేయించుకోవాలి. పేరు సాతుర్నినా ఉస్కామైతా. సరుకు?" అని కలం పట్టుకున్నాడు. "సరుకు పేరు చెప్పు. ఏం రాయమంటావు?"

సాతుకా గరిటె కుండలో వదిలేసి, చేతులు తుడుచుకుని లేచి నిలబడింది. నిలబడ్డా అతని భుజం దాకా రాదు.

"అఖా అన్నందుకు ఏడేళ్ళప్పుడు నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. చీచా అన్నవాళ్ళని అసలు బతకనివ్వలేదు. రెండింట్లో ఏది రాయడానికి నీకు చెయ్యాడుతుందో అది రాయి."

ఎవరూ నవ్వలేదు. ఎఫ్రాయిన్ కలం కాగితం మీద ఆనించి అలాగే నిలబడ్డాడు. వెనక వరసలో ఎవరో తమ వంతు ఎప్పుడని అడిగారు. సాతుకా కూర్చుని గ్లాసు ముంచి ఇచ్చింది. అతను రిజిస్టరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. సాతుకా పేరు ఎదురుగా సరుకు గడిలో ఇప్పటికీ ఏమీ రాసి లేదు.